బుర్కినా ఫాసోలో సైనిక తిరుగుబాట్లు

బుర్కినా ఫాసో పశ్చిమ ఆఫ్రికాలోని ఒక భూపరివేష్టిత దేశం. 1984 వరకు దీని పేరు అప్పర్ వోల్టా. 1960 ఆగస్టు 5న ఫ్రాన్సు నుండి స్వాతంత్ర్యం పొందిన ఈ దేశంలో 1966, 1980, 1982, 1983, 1987 సంవత్సరాలలో ఒక్కొక్కసారి, 2022లో రెండుసార్లు సైనిక తిరుగుబాట్లు విజయవంతమైనాయి. ఇవి గాక 1974లో అధికారంలో ఉన్న సైనికాధిపతియే రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. 2014లో ప్రజా ఉద్యమం అధ్యక్షుని గద్దె దింపగా కొద్ది రోజులపాటు సైన్యం అధికారం చేపట్టింది. 2015లో జరిగిన తిరుగుబాటు వారం రోజులలో విఫలమైంది. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి ఇక్కడ ఎన్నికలలో గెలిచిన ఒక అధ్యక్షుడు తన పదవిని ఎన్నికలలో గెలిచిన మరొక అధ్యక్షునికి అప్పగించిన సందర్భం ఒక్కటి కూడా లేదు.

నేపథ్యం

బుర్కినా ఫాసో విస్తీర్ణం సుమారు 2,74,000 చదరపు కిలోమీటర్లు. మాలి, నైజర్, బెనిన్, టోగో, ఘనా, ఐవరీ కోస్ట్ దేశాలు దీనికి సరిహద్దులు. రాజధాని వాగడూగు. రెండవ పెద్ద నగరం బోబో డియులాసో. దేశ జనాభాలో మోసీ జాతివారు అధికసంఖ్యాకులు. వీరి రాజును మోగో నాబా అంటారు. వలస పాలనకు ముందు అనేక శతాబ్దాలపాటు మోసీ రాజ్యాలు ఈ ప్రాంతాన్ని పాలించాయి.

1896లో ఫ్రెంచి సేనలు వాగడూగును ఆక్రమించాయి. 1919లో అప్పర్ వోల్టా ప్రత్యేక వలసరాజ్యంగా ఏర్పడింది. తీరం లేని, వర్షాలు సరిగా కురియని ఈ భూమి కంటే ఇక్కడి మనుషుల శ్రమయే ఫ్రాన్సుకు ఎక్కువ లాభసాటిగా కనిపించింది. ఐవరీ కోస్ట్ లోని తోటలకు, రైలుమార్గ నిర్మాణానికి కూలీలను ఇక్కడి నుండి తరలించేవారు. 1932లో ఈ వలసరాజ్యాన్ని రద్దు చేసి ఐవరీ కోస్ట్, ఫ్రెంచి సూడాన్ (నేటి మాలి), నైజర్ ల మధ్య పంచారు. 1947లో తిరిగి కలిపారు. ఈ విధంగా స్వాతంత్ర్యానికి పదమూడేళ్ల ముందు వరకు ఈ దేశం పటంలో లేదు. పాలనా వ్యవస్థలు, పాఠశాలలు, పరిశ్రమలు చాలా స్వల్పంగా ఉన్న స్థితిలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

రైతులే అధికంగా ఉన్న ఈ సమాజంలో ప్రభుత్వోద్యోగులు, ఉపాధ్యాయులు, రైల్వే కార్మికులు సంఖ్యలో తక్కువైనా సంఘటితులు. వీరి కార్మిక సంఘాలకు వలస కాలం నుండి పోరాట చరిత్ర ఉన్నది. తరువాతి దశాబ్దాలలో అనేక ప్రభుత్వాల పతనానికి ముందు ఒక సమ్మె కనిపించడానికి ఇదే కారణం.

యమెయోగో పాలన, 1966 తిరుగుబాటు

తొలి అధ్యక్షుడు మారిస్ యమెయోగో. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికే ఈయన ప్రతిపక్షాలను నిషేధించి ఏకపక్ష పాలన నెలకొల్పాడు. 1965 ఎన్నికలలో ఈయనకు దాదాపు నూరు శాతం ఓట్లు వచ్చినట్లు ప్రకటించారు. అదే సంవత్సరం ఈయన ఆడంబరంగా జరుపుకున్న రెండవ వివాహం పేద దేశంలో తీవ్ర విమర్శలకు గురైంది. అప్పటికే ఖజానా ఖాళీ అయింది. పొదుపు చర్యల పేరిట ఉద్యోగుల జీతాలలో 20 శాతం కోత విధించాలని ప్రభుత్వం నిర్ణయించింది.

దీనికి నిరసనగా 1966 జనవరి 3న కార్మిక సంఘాలు సమ్మెకు పిలుపునిచ్చాయి. వాగడూగు వీధులలో గుమికూడిన జనం అధ్యక్షుడు దిగిపోవాలనీ, సైన్యం పాలన చేపట్టాలనీ కోరారు. సైన్యాధిపతి లెఫ్టినెంట్ కల్నల్ సంగూలే లమిజానా అధికారం స్వీకరించాడు. రక్తపాతం జరగలేదు. సైన్యాన్ని ప్రజలే ఆహ్వానించిన ఈ మొదటి సంఘటన ఒక ఆనవాయితీగా మారింది. ప్రభుత్వం నచ్చనపుడు దానిని మార్చేది బ్యారక్సులోని వారే అన్న భావన అప్పటి నుండి బలపడింది.

లమిజానా కాలం (1966 - 1980)

లమిజానా ఫ్రెంచి సైన్యంలో ఇండోచైనా, అల్జీరియాలలో పనిచేసినవాడు. ఈయన ఆర్థిక మంత్రి మార్క్ గరంగో కఠినమైన పొదుపుతో ప్రభుత్వ లెక్కలను చక్కదిద్దాడు. 1970లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఎన్నికల తరువాత 1971లో గెరార్డ్ వెద్రావోగో ప్రధానమంత్రి అయ్యాడు. కానీ ఆయనకూ, శాసనసభ అధ్యక్షుడు జోసెఫ్ వెద్రావోగోకూ మధ్య తగవు ముదిరి పాలన స్తంభించింది. 1974 ఫిబ్రవరి 8న లమిజానా రాజ్యాంగాన్ని రద్దు చేసి శాసనసభను తొలగించాడు. ఆ సంవత్సరాలు సాహెల్ ప్రాంతమంతటా తీవ్రమైన కరవు ఏలిన కాలం. 1974 చివరలో అగాషేర్ అనే సరిహద్దు ప్రాంతం విషయమై మాలితో ఘర్షణ కూడా జరిగింది.

ఏకపక్ష వ్యవస్థను తేవాలన్న లమిజానా ప్రయత్నాన్ని కార్మిక సంఘాలు సమ్మెతో అడ్డుకున్నాయి. 1977లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా మరొక రాజ్యాంగం ఆమోదం పొందింది. 1978 అధ్యక్ష ఎన్నికలలో లమిజానాకు తొలి విడతలో సగం ఓట్లు రాలేదు. రెండవ విడతలో గెలుపొందాడు. అధికారంలో ఉన్న సైనికాధికారి రెండవ విడత పోటీని ఎదుర్కొనడం ఆనాటి ఆఫ్రికాలో అరుదైన విషయం.

మూడు తిరుగుబాట్లు (1980 - 1983)

1980 అక్టోబరులో ఉపాధ్యాయుల సమ్మె మొదలై దాదాపు రెండు నెలలు సాగింది. ఆ వెంటనే నవంబరు 25న కల్నల్ సయే జెర్బో లమిజానాను తొలగించాడు. కార్మిక సంఘాలు మొదట ఈ మార్పును స్వాగతించాయి. కానీ కొత్త ప్రభుత్వం సమ్మె హక్కునే రద్దు చేయడంతో వారి ఆశలు అడుగంటాయి. ఈ ప్రభుత్వంలో సమాచార శాఖ చూసిన యువ కెప్టెన్ థామస్ సంకరా 1982 ఏప్రిల్ లో రాజీనామా చేశాడు.

1982 నవంబరు 7న కింది స్థాయి అధికారులు జెర్బోను కూలదోశారు. సైనిక వైద్యుడైన మేజర్ జాన్ బాప్టిస్ట్ వెద్రావోగో దేశాధినేత అయ్యాడు. ఈ ప్రభుత్వంలో మితవాదులకూ, వామపక్ష భావాలు గల యువ అధికారులకూ మొదటి నుండి పొసగలేదు. 1983 జనవరిలో సంకరా ప్రధానమంత్రిగా నియమితుడయ్యాడు. అదే సంవత్సరం మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన అలీన దేశాల శిఖరాగ్ర సమావేశంలో తన దేశం తరఫున పాల్గొన్నాడు. మే 17న ఆయనను పదవి నుండి తొలగించి నిర్బంధించారు. రాజధానిలో విద్యార్థులు, కార్మికులు నిరసన ప్రదర్శనలు జరిపారు. ఆయన మిత్రుడు కెప్టెన్ బ్లేజ్ కంపావోరే ఘనా సరిహద్దు సమీపాన ఉన్న పో పట్టణపు కమాండో శిబిరం నుండి ప్రతిఘటన సాగించాడు. ఆగస్టు 4 రాత్రి ఈ కమాండోలు వాగడూగును స్వాధీనం చేసుకున్నారు. 33 సంవత్సరాల వయసులో సంకరా దేశాధ్యక్షుడయ్యాడు.

సంకరా ప్రభుత్వం (1983 - 1987)

ఒక సంవత్సరం గడిచాక, 1984 ఆగస్టు 4న దేశం పేరు బుర్కినా ఫాసోగా మారింది. మోరే భాషలో బుర్కినా అంటే నిజాయితీపరులు, డియులా భాషలో ఫాసో అంటే తండ్రుల నేల. ప్రజలను సూచించే బుర్కినాబే అన్న పదంలోని చివరి భాగం ఫుల్ఫుల్డే భాష నుండి వచ్చింది. ఈ విధంగా దేశంలోని మూడు భాషలకు పేరులో చోటు దక్కింది.

సంకరా ప్రభుత్వపు ముఖ్య చర్యలు:
- 1984 చివరలో రెండు వారాల వ్యవధిలో ఇరవై లక్షలకు పైగా పిల్లలకు తట్టు, మెదడు పొరల వాపు (మెనింజైటిస్), పచ్చ జ్వరం టీకాలు వేయించడం
- ఎడారి విస్తరణను అరికట్టడానికి పెద్ద ఎత్తున చెట్లు నాటించడం
- బలవంతపు వివాహాలు, ఆడపిల్లలకు సున్తీ చేయడం వంటి ఆచారాలను వ్యతిరేకించి స్త్రీలకు ప్రభుత్వంలో స్థానం కల్పించడం
- భూమిని జాతీయం చేసి, గ్రామ పెద్దలకు రైతులు చెల్లించే కానుకలను, వెట్టి చాకిరీని రద్దు చేయడం
- ఖరీదైన ప్రభుత్వ కార్లను అమ్మివేసి మంత్రులకు చిన్న రెనో 5 కార్లు ఇవ్వడం
- ఉద్యోగులు స్వదేశీ చేనేత వస్త్రాలు ధరించాలని నియమం పెట్టడం

1984 సెప్టెంబరు 22న ఇంటి పని భారం తెలిసిరావడానికి మగవారే బజారుకు వెళ్లి సరుకులు తెచ్చి వంట చేయాలని ప్రభుత్వం పిలుపునిచ్చింది. 1987 జూలైలో అడిస్ అబాబాలో జరిగిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ సమావేశంలో, ఆఫ్రికా దేశాలన్నీ కలసి విదేశీ అప్పులను చెల్లించ నిరాకరించాలని సంకరా వాదించాడు.

ఈ పాలనకు మరొక వైపు కూడా ఉన్నది. రాజకీయ పక్షాలకు, స్వతంత్ర పత్రికలకు తావు లేకపోయింది. పేటపేటనా ఏర్పడిన విప్లవ రక్షణ సమితుల చేతిలో ఆయుధాలు ఉండేవి. వీటిలో కొన్ని ప్రజలను వేధించాయి. ప్రజా న్యాయస్థానాలలో నిందితులకు న్యాయవాదుల సహాయం ఉండేది కాదు. ఈ న్యాయస్థానమే మాజీ అధ్యక్షుడు లమిజానాను నిర్దోషిగా విడిచిపెట్టింది, జెర్బోకు జైలు శిక్ష విధించింది. 1984 మార్చిలో సమ్మె చేసిన వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులను ఉద్యోగాల నుండి తొలగించారు. వారి స్థానంలో కొద్దిపాటి శిక్షణ పొందిన వారిని నియమించడంతో బడుల ప్రమాణాలు దెబ్బతిన్నాయి. అదే ఏడాది జూన్ లో కుట్ర ఆరోపణపై ఏడుగురికి మరణశిక్ష అమలు చేశారు. 1985 డిసెంబరులో మాలితో రెండవ సరిహద్దు యుద్ధం జరిగింది. 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం వివాదాస్పద ప్రాంతాన్ని ఇరు దేశాలకూ పంచుతూ తీర్పు ఇచ్చింది.

1987 తిరుగుబాటు

విప్లవానికి నాయకత్వం వహించిన నలుగురు సంకరా, కంపావోరే, జాన్ బాప్టిస్ట్ లింగానీ, హెన్రీ జోంగో. 1987 నాటికి వీరి మధ్య భేదాలు పెరిగాయి. అక్టోబరు 15 సాయంత్రం వాగడూగులోని ఎంటెంట్ మండలి భవన సముదాయంలో సమావేశమై ఉన్న సంకరాను, మరో పన్నెండు మందిని సైనికులు కాల్చి చంపారు. మరణ ధ్రువపత్రంలో సంకరాది సహజ మరణమని వ్రాశారు. కంపావోరే అధ్యక్షుడయ్యాడు. 1989 సెప్టెంబరులో లింగానీ, జోంగోలు కూడా కుట్ర ఆరోపణపై మరణశిక్షకు గురయ్యారు. నలుగురు మిత్రులలో ఒక్కరే మిగిలారు.

ఈ హత్యపై విచారణ జరగడానికి 34 సంవత్సరాలు పట్టింది. 2021 అక్టోబరులో సైనిక న్యాయస్థానంలో విచారణ మొదలైంది. 2022 ఏప్రిల్ 6న కంపావోరేకు, ఆయన అంగరక్షక దళాధిపతి హయాసింత్ కఫాండోకు, జనరల్ గిల్బర్ట్ డియెండెరేకు యావజ్జీవ శిక్ష పడింది. మొదటి ఇద్దరు విచారణకు హాజరు కాలేదు.

కంపావోరే పాలన (1987 - 2014)

కంపావోరే 27 సంవత్సరాలు పాలించాడు. దేశ చరిత్రలో ఇదే అతి దీర్ఘ పాలన. 1991లో బహుళపక్ష రాజ్యాంగం వచ్చినా, ఆ ఏడాది జరిగిన అధ్యక్ష ఎన్నికలను ప్రతిపక్షాలు బహిష్కరించాయి. ఓటర్లలో నాలుగో వంతు మాత్రమే ఓటు వేశారు. 1998, 2005, 2010 ఎన్నికలలో కూడా ఆయనే గెలిచాడు. పొరుగు దేశాల తగాదాలలో మధ్యవర్తిగా పేరు తెచ్చుకున్నాడు. అదే సమయంలో లైబీరియా, సియెర్రా లియోన్ అంతర్యుద్ధాలలో తిరుగుబాటుదారులకు తోడ్పడ్డాడన్న ఆరోపణలను ఎదుర్కొన్నాడు.

1998 డిసెంబరు 13న ప్రముఖ పాత్రికేయుడు నార్బర్ట్ జోంగో హత్యకు గురయ్యాడు. అధ్యక్షుని సోదరుని కారు డ్రైవరు మరణం గురించి ఆయన పరిశోధన చేస్తున్నాడు. ఈ హత్య దేశమంతటా ఆగ్రహం రేపింది. దాని ఫలితంగా 2000లో ఒక వ్యక్తి రెండు సార్లకు మించి అధ్యక్షుడు కారాదన్న నియమం తిరిగి రాజ్యాంగంలో చేరింది. 2011లో జీతభత్యాల విషయమై పలు నగరాలలో సైనికులే తిరగబడి దుకాణాలు దోచుకున్నారు.

2014 ప్రజా ఉద్యమం, 2015 విఫల తిరుగుబాటు

మరొకసారి పోటీ చేయడానికి వీలుగా రాజ్యాంగంలోని 37వ అధికరణాన్ని సవరించాలని కంపావోరే ప్రయత్నించాడు. ఓటింగు జరగవలసిన 2014 అక్టోబరు 30న వేలాది జనం శాసనసభలోకి చొచ్చుకుపోయి భవనానికి నిప్పు పెట్టారు. మరునాడు కంపావోరే రాజీనామా చేసి ఐవరీ కోస్ట్ కు వెళ్లిపోయాడు. లెఫ్టినెంట్ కల్నల్ ఐజాక్ జిదా అధికారం చేపట్టాడు. స్వదేశంలోను, విదేశాలనుండి ఒత్తిడి రావడంతో నవంబరులో మాజీ దౌత్యవేత్త మిషెల్ కఫాండో తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. జిదా ప్రధానమంత్రిగా కొనసాగాడు.

సుమారు 1,300 మంది గల అధ్యక్ష భద్రతా దళం కంపావోరేకు విధేయంగా ఉండేది. మిగిలిన సైన్యం కంటే దీనికి మెరుగైన ఆయుధాలు, జీతాలు ఉండేవి. ఈ దళాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన రావడంతో 2015 సెప్టెంబరు 16న దాని సైనికులు మంత్రివర్గ సమావేశంలోకి ప్రవేశించి కఫాండోను, జిదాను నిర్బంధించారు. జనరల్ డియెండెరే దేశాధినేతగా ప్రకటించుకున్నాడు. యువకులు వీధులలో అడ్డంకులు పెట్టి ప్రతిఘటించారు. కార్మిక సంఘాలు సమ్మె చేశాయి. జిల్లాలలోని సైనిక పటాలాలు రాజధానికి తరలివచ్చాయి. మోగో నాబా సమక్షంలో ఇరు పక్షాల మధ్య ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 23న కఫాండో తిరిగి పదవి చేపట్టాడు. భద్రతా దళం రద్దయింది. 2019లో డియెండెరేకు 20 సంవత్సరాల జైలు శిక్ష పడింది. ప్రజలు సైనిక తిరుగుబాటును అడ్డుకుని విఫలం చేసిన సంఘటనగా ఇది ఆఫ్రికా చరిత్రలో చెప్పుకోదగినది.

2015 నవంబరు 29న జరిగిన ఎన్నికలలో రోష్ మార్క్ క్రిస్టియన్ కబోరే గెలిచాడు. 1966 తరువాత సైన్యానికి చెందని వ్యక్తి ఎన్నికల ద్వారా అధ్యక్షుడు కావడం ఇదే మొదటిసారి.

తీవ్రవాదం, 2022 తిరుగుబాట్లు

2011లో లిబియా పతనం, 2012లో ఉత్తర మాలి తీవ్రవాదుల వశం కావడం బుర్కినా ఫాసోపై కూడా ప్రభావం చూపాయి. కబోరే పదవి చేపట్టిన కొద్ది రోజులకే, 2016 జనవరి 15న వాగడూగులోని ఒక హోటలు, దాని ఎదుటి కెఫేపై జరిగిన దాడిలో 30 మంది మరణించారు. ఉత్తర ప్రాంతంలో అన్సారుల్ ఇస్లాం అనే స్థానిక ముఠా తలెత్తింది. అల్ ఖైదా, ఇస్లామిక్ స్టేట్ అనుబంధ ముఠాలు తూర్పు జిల్లాలకు కూడా వ్యాపించాయి. ఫులానీ పశుపాలకులకూ, సేద్యం చేసేవారికీ మధ్య పాత తగాదాలను ఇవి వాడుకున్నాయి. ప్రభుత్వ పక్షాన ఆయుధాలు పట్టిన గ్రామ దళాలు కొన్నిచోట్ల ఫులానీ గ్రామాలపై దాడులు చేయడంతో పగలు మరింత పెరిగాయి. 2021 జూన్ లో సోల్హాన్ గ్రామంపై జరిగిన దాడిలో నూరు మందికి పైగా చనిపోయారు.

2021 నవంబరులో ఇనాటా శిబిరంపై దాడి జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు జెండార్మీ దళంవారు. దాడికి ముందు వారికి తిండి సరఫరా సరిగా లేక అడవి జంతువులను వేటాడి తిన్నారన్న వార్త సైన్యంలో కోపాగ్నిని రగిల్చింది. 2022 జనవరి 24న లెఫ్టినెంట్ కల్నల్ పాల్ హెన్రీ సందావోగో దమీబా కబోరేను తొలగించాడు. భద్రతను పునరుద్ధరించడమే తన లక్ష్యమని ప్రకటించాడు. కానీ దాడులు ఆగలేదు. అదే కారణం చూపి 2022 సెప్టెంబరు 30న 34 సంవత్సరాల కెప్టెన్ ఇబ్రహీం త్రవోరే దమీబాను తొలగించాడు. దమీబా టోగోకు వెళ్లాడు.

త్రవోరే ప్రభుత్వం ఫ్రెంచి దళాలను పంపివేసి, రష్యాతో సంబంధాలు పెంచుకొన్నది. 2023 సెప్టెంబరులో సైనిక పాలనలోనే ఉన్న మాలి, నైజర్ లతో కలసి సాహెల్ దేశాల కూటమిని ఏర్పరచింది. ఈ మూడు దేశాలు 2025 జనవరి 29న పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక సమాజం నుండి అధికారికంగా వైదొలగాయి. 2024 జూలైలో ఎన్నికలు జరుపుతామన్న తొలి హామీ నెరవేరలేదు. 2024 మేలో పరివర్తన కాలాన్ని మరో అయిదేళ్లు పొడిగించారు. 2025లో ఎన్నికల సంఘాన్ని రద్దు చేశారు. పాలకులను విమర్శించిన కొందరిని బలవంతంగా యుద్ధరంగానికి పంపినట్లు మానవ హక్కుల సంస్థలు పేర్కొన్నాయి. అయినప్పటికీ సంకరాను తలపించే ప్రసంగాల వలన ఆఫ్రికా యువతలో త్రవోరేకు ఆదరణ లభించింది.

కారణాలు

ఈ అస్థిరతకు చరిత్రకారులు, రాజనీతి శాస్త్రజ్ఞులు సాధారణంగా చెప్పే కారణాలు ఇవి:
- ఆర్థిక బలహీనత: దేశాదాయం ప్రధానంగా ప్రత్తి, పశువులు, వలస కూలీలు పంపే డబ్బు మీద ఆధారపడింది. 2009 నుండి బంగారం మొదటి ఎగుమతి అయినా దాని ఫలితం సామాన్యునికి అంతగా చేరలేదు.
- సైన్యంలో చీలికలు: 1980 నుండి జరిగిన తిరుగుబాట్లలో అధికభాగం కింది స్థాయి అధికారులు పై అధికారులపై, లేదా సహచరులు సహచరులపై జరిపినవే.
- బలమైన కార్మిక సంఘాలు, బలహీనమైన రాజకీయ పక్షాలు: సంఘాలు ప్రభుత్వాన్ని కూల్చగలిగాయి కానీ దాని స్థానంలో మరొక దానిని నిలపలేకపోయాయి. ఆ ఖాళీని సైన్యం నింపింది.
- దీర్ఘకాల వ్యక్తి పాలన: కంపావోరే కాలంలో ప్రత్యేక దళాన్ని పెంచి మిగిలిన సైన్యాన్ని బలహీనపరచారు. ఆ దళం రద్దయ్యాక తీవ్రవాదాన్ని ఎదుర్కొనే శక్తి సైన్యానికి లేకపోయింది.
- గ్రామీణ ప్రాంతాల నిర్లక్ష్యం: ఉత్తర, తూర్పు ప్రాంతాలకు బడి, ఆసుపత్రి, న్యాయస్థానం సరిగా చేరలేదు.

ప్రజలపై ప్రభావం

2023 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం ఇరవై లక్షలకు పైగా ప్రజలు, అనగా దేశ జనాభాలో సుమారు పదో వంతు, సొంత ఊళ్లు విడిచి తరలిపోయారు. ఉత్తరాన జీబో వంటి పట్టణాలు దిగ్బంధంలో చిక్కుకుని ఆహారం కొరకు సైనిక రక్షణతో వచ్చే లారీల మీద, విమానాల మీద ఆధారపడ్డాయి. అదే ఏడాది ఆరు వేలకు పైగా పాఠశాలలు మూతబడినట్లు ఐక్యరాజ్యసమితి సంస్థలు తెలిపాయి. తీవ్రవాదులు బడులను తగులబెట్టి, ఉపాధ్యాయులను బెదిరించడం దీనికి కారణం. లక్షలాది పిల్లలు చదువుకు దూరమయ్యారు. 2024 ఆగస్టు 24న బర్సాలోగో వద్ద రక్షణ కందకం త్రవ్వుతున్న గ్రామస్థులపై దాడి జరిగి వందలాది మంది మరణించారు. భద్రత పేరిట రెండు ప్రభుత్వాలు మారినా గ్రామాలకు భద్రత చేకూరలేదు.

దేశాధినేతలు, పదవి ముగిసిన తీరు

- మారిస్ యమెయోగో (1960 - 1966): సమ్మె, సైనిక జోక్యం
- సంగూలే లమిజానా (1966 - 1980): సైనిక తిరుగుబాటు
- సయే జెర్బో (1980 - 1982): సైనిక తిరుగుబాటు
- జాన్ బాప్టిస్ట్ వెద్రావోగో (1982 - 1983): సైనిక తిరుగుబాటు
- థామస్ సంకరా (1983 - 1987): తిరుగుబాటులో హత్య
- బ్లేజ్ కంపావోరే (1987 - 2014): ప్రజా ఉద్యమం, రాజీనామా
- ఐజాక్ జిదా (2014 నవంబరు): తాత్కాలిక ప్రభుత్వానికి అప్పగింత
- మిషెల్ కఫాండో (2014 - 2015): ఎన్నికల అనంతరం అప్పగింత
- రోష్ మార్క్ క్రిస్టియన్ కబోరే (2015 - 2022): సైనిక తిరుగుబాటు
- పాల్ హెన్రీ సందావోగో దమీబా (2022): సైనిక తిరుగుబాటు
- ఇబ్రహీం త్రవోరే (2022 సెప్టెంబరు 30న అధికారం చేపట్టాడు)

ఇవి కూడా చూడండి

- బుర్కినా ఫాసో
- థామస్ సంకరా
- మోసీ రాజ్యాలు
- సాహెల్
- అలీనోద్యమం